పసుపు అణువు సాక్ష్యం: ఒక విమర్శకు విమర్శ

నిరుడు ఫిబ్రవరి 28, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, మా జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన ప్రదర్శనకు న్యాయనిర్ణేతలుగా ముగ్గురిని పిలిచారు. అందులో నేనొకడను. అక్కడ తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె పసుపును గురించి పెద్ద పటం గీసి పెట్టింది. నడుమ పసుపు దుంప. దాని చుట్టూ సూర్యకిరణాల వలె నలభై గీతలు. ఒక్కొక్క గీత చివర ఒక్కొక్క జబ్బు పేరు. మధుమేహం, కీళ్ళవాతం, కాన్సరు, మతిమరుపు, గుండెజబ్బు – ఏదియు విడిచిపెట్టలేదు. ప్రతి పేరు క్రింద ఏదో ఒక పరిశోధన పత్రిక పేరు కూడ వ్రాసింది. ఆ శ్రద్ధకు మెచ్చి మొదటి బహుమతి ఇచ్చాము. ఆ పత్రికలలో ఒక్కదానినైనను మా ముగ్గురిలో ఎవరమును చదివి ఉండలేదు.

మూడు నెలల తరువాత ఆ బాలిక కంఠేశ్వర్‌లోని మా ఇంటికి వచ్చింది. "సార్, నా చార్టు చూసి మా తాత షుగరు గోలీలు బంద్ పెట్టిండు. రోజూ పసుపు ఉండలు మింగిండు. షుగరు మస్తు పెరిగింది" అన్నది. పెద్దాయన తిరిగి గోలీలు వేసుకొని కోలుకొన్నాడు. కాని ఆ పటానికి బహుమతి ఇచ్చిన చేయి నాది. కనుక ఆ నలభై గీతల వెనుక ఏమున్నదో చదివి చూడవలసిన బాధ్యత కూడ నాదేనని తోచింది. చదువగా చదువగా 2017లో వెలువడిన ఒక వ్యాసం దగ్గర ఆగాను. ఈ నాలుగు పుటలు ఆ వ్యాసాన్ని గురించిన విమర్శ.

ఆ వ్యాసం అమెరికా రసాయన సంఘం వారి 'జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ'లో అచ్చయింది. పేరు 'ది ఎసెన్షియల్ మెడిసినల్ కెమిస్ట్రీ ఆఫ్ కుర్కుమిన్'. వ్రాసినవారు కాథరిన్ నెల్సన్, మైకేల్ వాల్టర్స్, గైడో పౌలి ప్రభృతులు. పసుపుకు ఆ రంగునిచ్చు కుర్కుమిన్ అను అణువు అస్థిరమైనదనీ, కనబడిన దానితోనెల్ల చర్య జరుపునదనీ, శరీరానికి అందనిదనీ, కాబట్టి దాని నుండి మందు పుట్టుట మిక్కిలి అసంభవమనీ వారి తీర్పు. పసుపు పండించు జిల్లాలో కూర్చొని ఈ మాట చదివినవానికి మొదట కోపం వచ్చును. కోపం తగ్గిన తరువాత రెండు ప్రశ్నలు మిగులును. వారు చెప్పినది నిజమా? నిజమైనచో ఎంతవరకు?

చిన్న అణువు చేయు రెండు పనులు

ముందుగా ఈ చర్చకు ఆధారమైన ఒక మాట. జీవకణంలో పనిచేయు ప్రోటీనుల అణుభారం వేలలో, ఒక్కొక్కసారి లక్షలలో ఉండును. వాటి ప్రక్కన వందలలో అణుభారం గలవి చిన్న అణువులు. ఆస్పిరిన్ అణుభారం 180; కుర్కుమిన్ 368; కాన్సరు మందు మెథోట్రెక్సేట్ 454. రసాయనిక జీవశాస్త్రంలో ఇట్టి చిన్న అణువులకు రెండు పనులున్నవి. ఒకటి శోధన: కణంలోని ఏ ప్రోటీను ఏ పని చేయుచున్నదో కనుగొనుటకు దానిని ఆపి చూచుట. రెండవది చికిత్స: ఆ ఆపుట వలన రోగికి మేలు కలిగినచో దానినే మందుగా వాడుట.

శోధన పనిని ఇంటి ఫ్యూజులతో పోల్చవచ్చును. ఏ ఫ్యూజు ఏ గదిదో తెలియనపుడు ఒక్కొక్కటి తీసి చూతుము. వంటగది చీకటి పడినచో ఆ ఫ్యూజు వంటగదిదని తెలిసిపోవును. అట్లుకాక, మీటరు పెట్టెపై చెంబెడు నీళ్ళు పోసి, ఇల్లంతా చీకటియైన తరువాత "చూచితిరా, వంటగది ఫ్యూజు దొరికింది" అన్నచో ఎవరును నమ్మరు. చీకటి పడిన మాట నిజమే. దాని నుండి తీసిన అర్థము మాత్రము తప్పు.

అందుచేత శోధకాణువు అనిపించుకొనుటకు కొన్ని షరతులున్నవి. స్ట్రక్చరల్ జీనోమిక్స్ కన్సార్షియం అను అంతర్జాతీయ పరిశోధన బృందం వాడు కొలత ఇది: గాజు పాత్రలో లక్ష్య ప్రోటీనును 100 నానోమోలార్ కంటె తక్కువ గాఢతలోనే పట్టుకొనవలెను; దానికి బంధువులైన ఇతర ప్రోటీనుల కంటె దానిని కనీసం 30 రెట్లు అధికంగా ఎంచుకొనవలెను; జీవకణంలో 1 మైక్రోమోలార్ లోపలనే పని కనబరచవలెను. దీనితోపాటు, నిర్మాణంలో దానిని పోలి ఉండి, పని మాత్రము చేయని ఒక జంట అణువు కూడ ఉండవలెను. జంట అణువు వేసినపుడు కూడ అదే ఫలితం వచ్చినచో మొదటిదాని సాక్ష్యం చెల్లదు.

ప్రతి వ్యాజ్యానికీ సాక్షి

ప్రతి ఊరిలోను ఒక మనిషి ఉండును. పొలం గట్టు తగాదా అయినను, పశువుల తగాదా అయినను, పెండ్లి తగాదా అయినను "నేను కళ్ళారా చూచాను" అని వచ్చి నిలుచును. రెండు మూడు వ్యాజ్యాల తరువాత పెద్దమనుషులు ఆయన మాటను లెక్కలోకి తీసుకొనరు. ఆయన చెప్పినదంతా అబద్ధమని కాదు. ఎక్కడికి పిలిచినను అవునను మనిషి మాట వలన కొత్తగా తెలియునది లేదని.

ప్రయోగశాలలలో ఇట్టి అణువులకు 2010లో జోనాథన్ బేల్, జార్జినా హాలోవే అనువారు ఒక పేరు పెట్టారు. ఏ పరీక్షలో వేసినను పనిచేసినట్లు కనబడు ఈ మోసకారి అణువులను 'పెయిన్స్' అన్నారు. ఇంగ్లీషులో ఆ మాటకు నొప్పులనియు అర్థము కలదు. పరిశోధకులకు అవి నిజముగనే తలనొప్పులు. నెల్సన్ బృందం వారి వ్యాసంలో ముఖ్యభాగం కుర్కుమిన్ ఈ జాతికి చెందినదని చూపుట. వారు చూపిన లక్షణాలను వరుసగా చెప్పుకొందము.

కుర్కుమిన్ అణువులో రెండు బెంజీన్ వలయాలు, వాటిని కలుపుచు ఏడు కార్బన్ల వంతెన ఉన్నవి. ఆ వంతెనలో రెండు ఆక్సిజన్ స్థానాలు ఒకదానికొకటి చేరువలో ఉండుటచే ఇనుము వంటి లోహాలను పట్టుకొనును. వంతెనలోని ద్విబంధాలు ప్రోటీనులలోని గంధకంతో చర్య జరుపును. అణువు స్వయముగా వెలుగును పీల్చి వేరొక రంగు వెలుగును విడుచును. వెలుగును కొలిచి ఫలితం చెప్పు పరీక్షలలో ఇది కొలతనే తారుమారు చేయును. కణపు పొరను కదల్చును. నీటిలో కరుగక ముద్దలుగా చేరి, ఆ ముద్దలకు ప్రోటీనులను అంటించుకొనును. చివరికి తానే విరిగి వేరు పదార్థాలగును. ఇన్ని త్రోవలు గల అణువును నలభై పరీక్షలలో వేసినచో నలభైంటిలోను ఏదో ఒకటి జరుగును. మా విద్యార్థిని పటంలోని నలభై గీతలకు కారణం దొరికినట్లే.

ఈ భాగంలో వ్యాసకర్తల వాదం దృఢమైనది. దానిని ఒప్పుకొనుటకు పెద్ద పరికరాలు కూడ అక్కరలేదు. తెలుగువారి ఇంటిలోనే సాక్ష్యాలున్నవి.

పసుపులో సున్నం కలిపినచో ఎర్రనగును. పారాణికి, దిష్టి తీయు ఎర్రనీళ్ళకు మన ఆడవారు చేయునది ఇదే. పసుపు మరక పడిన బట్టకు సబ్బు రాచినను అదే ఎరుపు. చాకలి సోడా చల్లినను అదే ఎరుపు. పైన నిమ్మరసం పిండినచో తిరిగి పసుపుపచ్చ. 'ఇది క్షారమా, కాదా' అని అడిగినచో పసుపు సరియైన జవాబే చెప్పును. ఏ క్షారమని అడిగినచో మాత్రము ఏమియు చెప్పలేదు. సూచికగా అది మంచిది; అంతకు మించి దానిని అడుగరాదు.

అదే మరక గల బట్టను ఉతికి ఎండలో ఆరవేసినచో సాయంత్రానికి మరక చాలవరకు పోవును. ఏ రసాయనం వేయకనే ఆ రంగు ఎక్కడికి పోయినది? వెలుతురుకు కుర్కుమిన్ అణువు విరిగిపోయినది. వెలుతురు లేకున్నను అది నిలువదు. 1997లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, 37 డిగ్రీల వేడిమిలో, పి.హెచ్. 7.2 గల ద్రావణంలో, అనగా మన రక్తానికి దగ్గరి పరిస్థితిలో, నూటికి 90 పాళ్ళ కుర్కుమిన్ అరగంటలో విచ్ఛిన్నమైనది. రక్తద్రవం కలిపినపుడు మరికొంతసేపు నిలిచినది. గంటలకొలది సాగు ప్రయోగంలో చివరకు పనిచేసినది కుర్కుమినా, దాని ముక్కలా అను ప్రశ్న ఇక్కడ తప్పదు.

కూర గిన్నెలో చూడుడు: రంగు నూనెతో తేలును, నీటితో కాదు. గ్లాసు నీటిలో పసుపు వేసి ఉంచినచో అడుగున మట్టివలె దిగును. స్పిరిట్‌లో వేసినచో తేటగా కరుగును. ఆ స్పిరిట్ ద్రావణంపై నోట్లు పరీక్షించు అతినీలలోహిత దీపం వేసినచో ఆకుపచ్చ కలిసిన పసుపు కాంతి వెలువడును. వెలుగుతో కొలుచు పరీక్షలను ఈ అణువు ఎట్లు భ్రమింపజేయునో పిల్లలు తమ కన్నులతో చూడగలరు.

పేగు దాటని అణువు

వ్యాసంలో రెండవ వాదం శరీరానికి అందుటను గురించినది. ఇక్కడ చిన్న లెక్క చేయవలెను. విద్యార్థులు స్వయంగా చేసి చూచినచో మంచిది.

2001లో తైవాన్ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో రోగులకు దినానికి 8 గ్రాముల కుర్కుమిన్ నోటి ద్వారా ఇచ్చారు. రక్తద్రవంలో అత్యధికంగా కనబడినది సగటున 1.77 మైక్రోమోలార్. అణుభారం 368తో గుణించినచో లీటరుకు సుమారు 0.65 మిల్లీగ్రాము. మింగినది 8,000 మిల్లీగ్రాములు. లీటరు రక్తద్రవంలో చేరినది మిల్లీగ్రాములో మూడింట రెండు పాళ్ళు. మిగిలినది చాలవరకు పేగునుండియే బయటికి పోవును. లోపలికి వచ్చిన కొంచెమును కాలేయం వేగముగా మార్చివేయును.

పసుపులో కుర్కుమిన్ నూటికి 3 పాళ్ళనుకొందము. అప్పుడు 8 గ్రాముల కుర్కుమిన్ కొరకు పావుకిలోకు మించి పసుపు తినవలెను. ఇంటిలో ఒకడు దినానికి 2 గ్రాముల పసుపు తిన్నాడనుకొన్నచో అతనికి లభించునది 60 మిల్లీగ్రాముల కుర్కుమిన్. గాజు పాత్రలో కాన్సరు కణాలను చంపినట్లు చెప్పు ప్రయోగాలలో పెక్కింటిలో వాడినది 5 నుండి 50 మైక్రోమోలార్ల గాఢత. పావుకిలో పసుపుకు సమానమైన మోతాదు కూడ ఆ మెట్టును అందుకొనలేదు.

దీనికి విరుగుడుగా మిరియాల మాట చెప్పెదరు. 1998లో బెంగుళూరు పరిశోధకులు మిరియాలలోని పైపరిన్ కలిపి ఇచ్చినపుడు కుర్కుమిన్ లభ్యత ఇరవై రెట్లు పెరిగినదని చూపారు. అప్పటినుండి ఆ రెండును కలిపిన మాత్రలు అంగళ్ళ నిండ వచ్చినవి. కాని పైపరిన్ చేయునది ఏమి? కాలేయం పరపదార్థాలను మార్చి బయటకు పంపు పనిని మందగింపజేయుట. ఆ పని కుర్కుమిన్ ఒక్కదాని కొరకు మందగించదు. రోగి వాడు ఇతర మందుల విషయంలోను మందగించవచ్చును. కాలేయ గాయాలను నమోదుచేయు అమెరికా పరిశోధన బృందం ఒకటి 2011 తరువాత పసుపు మాత్రలకు సంబంధించిన పది కేసులను గుర్తించింది. వారిలో ఒకరు మరణించారు. ఇది కూరలోని పసుపును గురించి కాదు, అధిక మోతాదు మాత్రలను గురించి. 'ప్రకృతిసిద్ధం కనుక హాని లేదు' అను మాటకు మాత్రము ఇది చాలినంత జవాబు.

వ్యాసం గీత దాటిన చోటు

ఇంతవరకు వ్యాసకర్తలతో నాకు పేచీ లేదు. ఇక నా అభ్యంతరాలు.

వారి సంగ్రహంలో ఒక వాక్యమున్నది: కుర్కుమినాయిడ్లపై 120కి పైగా చికిత్సా పరీక్షలు జరిగినను, రోగికిగాని వైద్యునికిగాని ఏది మందో ఏది ఉత్తమాత్రో తెలియని పద్ధతిలో జరిగిన ఒక్క పరీక్ష కూడ సఫలం కాలేదని. అణువు స్వభావం గురించి అంత జాగ్రత్తగా మాట్లాడిన కలం ఇక్కడ తొందరపడినది. 2015లో ఇజ్రాయెల్ వైద్యుల నాయకత్వాన పెద్దపేగు పుండ్ల వ్యాధి గల 50 మందిపై సరిగా అట్టి పరీక్షయే జరిగింది. వాడుక మందుతోపాటు కుర్కుమిన్ ఇచ్చిన 26 మందిలో 14 మందికి నెలలోపల వ్యాధి లక్షణాలు సద్దుమణిగినవి. ఉత్తమాత్ర ఇచ్చిన 24 మందిలో ఒక్కరికిని సద్దుమణగలేదు. 50 మంది చిన్న సంఖ్యయే. దీనిని పట్టుకొని మందు దొరికినదని చెప్పరాదు. కాని 'ఒక్కటియు లేదు' అనుటకు కూడ వీలులేదు. వ్యాసం వెలువడిన కొలది వారాలకే మికాల్ హెగర్ అను పరిశోధకుడు 'నేచర్' పత్రికలో, పరీక్షల ఫలితాలనన్నిటిని ఒక్క కట్టుగా త్రోసివేయరాదని అభ్యంతరం తెలిపాడు. ఆ అభ్యంతరం న్యాయమైనది.

ఇంకొక సంగతి. ఈ పరీక్షలో వ్యాధి ఉన్నది పేగులో. కుర్కుమిన్ ఆగిపోవునదియు పేగులోనే. రక్తంలోనికి చేరదను దోషం అక్కడ దోషం కాకపోవచ్చును. 2023లో థాయిలాండు వైద్యులు అజీర్తి గల 206 మందిలో కుర్కుమిన్‌ను, ఒమెప్రజోల్ అను ప్రసిద్ధమైన మందును పోల్చి, రెంటి ఫలితమును దాదాపు సమానమన్నారు. ఆ పరీక్షలో ఉత్తమాత్ర ఇచ్చిన వర్గం లేదు. అజీర్తి తనంత తానే తగ్గు స్వభావం గలది. కనుక అదియు పూర్తి సాక్ష్యం కాదు. అయినను, ఏ అవయవానికి అందునో ఆ అవయవపు వ్యాధిలో పరీక్షించుట బుద్ధిగల పని. వ్యాసకర్తలు ఈ భేదాన్ని ముందు పెట్టి ఉండిన బాగుండెడిది.

రెండవ ప్రక్క కూడ చెప్పవలెను. అందదనుకొన్న చోట అందలేదనియే తేలినది. మతిమరుపు వ్యాధి రోగులు 36 మందిపై అమెరికాలో జరిగి 2012లో ప్రకటితమైన పరీక్షలో ఆరు మాసాలు వాడినను మేలు కనబడలేదు. 2018లో కెనడాలో పది ఆసుపత్రులలో 606 మందిపై, పొత్తికడుపు బృహద్ధమని శస్త్రచికిత్సకు ముందువెనుకలు కుర్కుమిన్ ఇచ్చి చూచారు. మేలు లేకపోగా, మూత్రపిండాలకు హాని కలిగినవారు కుర్కుమిన్ వర్గంలోనే ఎక్కువ. నెల్సన్ బృందం జోస్యం ఇక్కడ సరిపోయినది.

మూడవ అభ్యంతరం వ్యాసంపై కంటె దానిని చదివినవారిపై. వ్యాసం కుర్కుమిన్‌ను గురించినది. పసుపులో నూటికి మూడు, అయిదు పాళ్ళకు మించని పదార్థం అది. తక్కిన తొంబదియైదు పాళ్ళలో నూనెలు, పిండిపదార్థం, ఇంకను ఎన్నో కలవు. ఇతర అంశాలకు గుణం ఉండవచ్చునని వ్యాసకర్తలే ఒప్పుకొన్నారు. కాని ఆ వార్త జనంలోకి వచ్చునప్పటికి 'పసుపు వట్టిది' అయి కూర్చున్నది. 'పసుపు సర్వరోగనివారిణి' అన్న అతిశయోక్తికి ఇది తలక్రిందులైన అతిశయోక్తి. రెంటిలోను దోషం ఒకటే: ఒక్క అణువును మొక్కకంతటికి ప్రతినిధిగా నిలుపుట.

మంచి సాక్షి ఎట్లుండును?

ఉపాధ్యాయునిగా ఆ వ్యాసంలో నాకు కనబడిన పెద్ద లోటు వేరొకటి. చెడ్డ సాక్షి ఎట్లుండునో చూపారు. మంచి సాక్షిని చూపలేదు. తప్పు మాత్రమే చూపిన పాఠం విద్యార్థికి అనుమానం నేర్పును, పని నేర్పదు. మంచి సాక్షి కొరకు తెలుగువాడు దూరం పోనక్కరలేదు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో పనిచేయుచుండగా, ఆయన నాయకత్వాన గల బృందం ఫోలికామ్లాన్ని కృత్రిమముగా తయారుచేసింది. తరువాత ఆ అణువులో ఒక చిన్న మార్పు చేశారు: ఒక హైడ్రాక్సిల్ స్థానంలో అమైనో సమూహం. అదే అమినాప్టెరిన్. మరియొక చోట ఒక మిథైల్ సమూహం కూడ చేర్చినచో మెథోట్రెక్సేట్. జీవకణం వీటిని ఫోలికామ్లమని భ్రమించి పట్టుకొనును; పట్టుకొన్న తరువాత వదలలేదు. డి.ఎన్.ఏ. నిర్మాణానికి కావలసిన సరుకు ఆగిపోవును. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను రక్తకాన్సరుతో మరణమునకు చేరువలో ఉన్న పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికముగా మేలు కనబడినదని 1948 జూన్‌లో ప్రకటించాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఈ అణువు ఏ ఎంజైమును పట్టుచున్నదో అప్పటికి స్పష్టంగా తెలియదు. పది సంవత్సరాల తరువాత, 1958లో, ఆస్‌బర్న్, హ్యూనెకెన్స్ ప్రభృతులు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అను ఎంజైమును ఈ మందులు అడ్డగించునని చూపారు. మందే దీపమై కణంలోని ఒక గదిని చూపినది. చికిత్స, శోధన అను రెండు పనులును ఒక్క అణువు చేసిన ఉదాహరణ ఇది.

ఇప్పుడు మన షరతులను దీనికి పెట్టి చూతము. ఇది ఎంజైమును పట్టుట అతి తక్కువ గాఢతలో. నిర్మాణంలో దీనిని పోలి, అడ్డగింపు పని చేయని జంట అణువు ఉన్నది, అది ఫోలికామ్లమే. అన్నిటికంటె ముఖ్యమైన పరీక్ష: దీని పనిని తిరుగద్రిప్పవచ్చును. అడ్డుపడిన మెట్టు దాటిన తరువాత ఏర్పడు ఫోలినికామ్లాన్ని కణానికి ఇచ్చినచో కణం బ్రతుకును. అధిక మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చిన రోగికి ఫోలినికామ్లం ఇచ్చి కాపాడుట ఆసుపత్రులలో నేటికిని వాడుకలో ఉన్నది. ఎక్కడ ఆపినదో నిజముగా తెలిసినవాడే అక్కడనుండి విడిపించగలడు. కుర్కుమిన్ ఆపినదని చెప్పిన నలభై పనులలో ఇట్లు విడిపించి చూపినవెన్ని అని మన పటానికి ప్రశ్న వేయవలెను.

మెథోట్రెక్సేట్ సాధువైన పదార్థమని నేను అనుట లేదు. అది విషమే, పెరుగు కణమునెల్ల దెబ్బతీయును. కాని ఎంత ఇచ్చిన ఏమగునో తెలిసిన విషం. తెలిసిన విషంతో వైద్యుడు పనిచేయగలడు. తెలియని అమృతంతో చేయలేడు.

పేటెంటు గెలిచిన మాట

ఈ చర్చ వచ్చినపుడెల్ల ఎవరో ఒకరు "పసుపు కొరకు అమెరికాతో కొట్లాడి గెలిచితిమి కదా" అందురు. నిజమే. గాయాలు మాన్పుటకు పసుపు వాడుకపై మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 1995లో అమెరికా పేటెంటు లభించగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి 1997లో దానిని రద్దు చేయించింది. గర్వించదగిన విజయం. కాని ఆ వ్యాజ్యంలో తేలినదేమి? గాయానికి పసుపు పెట్టుట కొత్త సంగతి కాదని. అది పనిచేయునా, చేయదా అను ప్రశ్నను అక్కడ ఎవరును తేల్చలేదు. పాతదగుట వేరు, నిజమగుట వేరు. పాతదని నిరూపించి నిజమని నిరూపించినట్లు భావించుట చదువుకొన్నవారు కూడ తరచు చేయు పొరపాటు.

మన పంట సంగతి

ఆ బాలిక వెళ్ళబోవుచు అడిగిన ప్రశ్న: "మరి మన పసుపు అబద్ధమా సార్?" ఆమె తండ్రి ఆర్మూరు ప్రాంతపు పసుపు రైతు. ఆ ప్రశ్నలో రసాయనశాస్త్రం కంటె పెద్ద సంగతి ఉన్నది. తొమ్మిది నెలలు నేలలో ఉంచి, త్రవ్వి, ఉడికించి, కల్లంలో ఎండబోసి, కొమ్ము, మండ వేరుచేసి నిజామాబాదు మార్కెట్టుకు తెచ్చిన పంటకు ధర రాక, 2019 లోక్‌సభ ఎన్నికలలో ఇక్కడి రైతులు 170 మందికి పైగా తామే అభ్యర్థులుగా నిలిచారు. 2025 జనవరిలో జాతీయ పసుపు మండలి నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైనది. ధర మాట వచ్చిన చోట కుర్కుమిన్ శాతం మాట కూడ వచ్చును. కుర్కుమిన్ మందు కాదన్నచో రైతు నోట మట్టి కొట్టినట్లేనా?

నాకట్లు తోచదు. పసుపు వేల ఏండ్లుగా అమ్ముడగుచున్నది వంటకు, రంగుకు, పూజకు, శుభానికి. కుర్కుమిన్ శాతం రంగుకు కొలత. ఆ కొలత నిజమైనది, అది ఎవరు తీసివేసినను పోదు. పోవునది నలభై జబ్బుల కథ మీద కట్టిన గిరాకి మాత్రమే. అట్టి గిరాకి ఒక్క పరిశోధన వ్యాసంతో లేచి ఇంకొక వ్యాసంతో కూలును. కూలినపుడు నష్టపడునది మాత్రలు అమ్మినవాడు కాదు, ఆ ఆశతో ఎక్కువ ఎకరాలు వేసిన రైతు. పంటకు స్థిరమైన మంచి పేరు కావలెనన్నచో చెప్పగలిగినంతయే చెప్పవలెను.

తరగతి గదిలో

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పుటకు కావలసిన సామగ్రి చిటికెడు పసుపు, కొంచెం సున్నం, నిమ్మకాయ, నూనె, స్పిరిట్, ఒక గుడ్డపీలిక, ఎండ. రంగు మారుట, కరుగకుండుట, ఎండలో వెలియుట – మూడును ఒక పీరియడులో మొదలుపెట్టి మరునాటికి ముగించవచ్చును. స్పిరిట్ వాడునపుడు దగ్గర నిప్పు ఉండరాదు. తరువాత పైన చూపిన 8 గ్రాముల లెక్క చేయించవలెను. ఆ మీదట పిల్లలను నాలుగు ప్రశ్నలు అడుగుట నేర్పవలెను: ఈ ఫలితం గాజు పాత్రలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ఎంత మోతాదు? ఎంతమంది? ఉత్తమాత్ర ఇచ్చిన వర్గం ఉన్నదా? ఏ మందును గురించిన వార్తకైనను ఈ నాలుగు ప్రశ్నలు చెల్లును. పసుపుపై పక్షపాతముగాని పగగాని వీటికి లేదు.

నెల్సన్ బృందం వ్యాసాన్ని నేను మంచి వ్యాసమనియే చెప్పుదును. ఒక వాక్యంలో అతిగా పోయినను, వేలకొలది ప్రయోగాలు ఎక్కడ త్రోవ తప్పినవో చూపిన ధైర్యం దానిది. కళాశాల విద్యార్థులు దానిని ఇజ్రాయెల్ పరీక్షతో కలిపి చదువవలెను.

ఆ బాలిక ఇప్పుడు పదవ తరగతి. పాత పటంలోని నలభై గీతలను ఆమెయే కూర్చొని పై నాలుగు ప్రశ్నలతో వడగట్టింది. గాజు పాత్రలో మాత్రమే చూచినవి ఒక రంగు, ఎలుకలలో చూచినవి ఒక రంగు, మనుష్యులలో పరీక్షించి ఫలితం లేదని తేలినవి ఒక రంగు. పేగు జబ్బుల దగ్గర రెండు గీతలను పెన్సిలుతో గీసి, ప్రక్కన ప్రశ్నార్థకం పెట్టింది. మధుమేహం గీత దగ్గర మాత్రం తన చేవ్రాతతో "గోలీలు మానరాదు" అని వ్రాసి, క్రింద రెండుసార్లు గీత కొట్టింది. ఈ ఏడు కూడ నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఆ పటానికి బహుమతి వచ్చునో రాదో చెప్పలేను. ఈసారి మాత్రము చదివిన తరువాతనే మార్కులు వేయుదును.